పుచ్చుకున్నవాళ్ళ ధర్మం



శుక్రవారం వీడియోలో వాయనం గురించి మాట్లాడుకున్నాం. తాంబూలంలో ఏమేం పెట్టాలి, నానబెట్టిన శనగలు ఎలా పంచాలి, ఇచ్చేటప్పుడు కొంగు ఎందుకు కప్పుతారు, ఇవన్నీ చెప్పుకున్నాం. ఒకరు "ఇస్తినమ్మా వాయనం" అంటారు. ఇంకొకరు "పుచ్చుకుంటినమ్మా వాయనం" అంటారు. "నా వాయనం అందుకున్నదెవరు?" అని అడిగితే, "నేనే పార్వతిని" అని పుచ్చుకున్నావిడ చెబుతుంది. ఒకసారి గమనించండి. అక్కడ అమ్మవారు ఇచ్చే ఆవిడ కాదు, పుచ్చుకునే ఆవిడ.

ఆ స్క్రిప్టు రాసింది నేనే. రాస్తూ రాస్తూ ఒక పేరా కొట్టేశాను. వీడియోలో చెప్పే ధైర్యం చాల్లేదు. ఆ పేరా ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ వన్ టౌన్. శివాలయం వీధికి దగ్గర్లో ఒక పాత ఇంటి మేడ మీద మా లలితా పారాయణ బృందం కూర్చుంటుంది. మొత్తం తొమ్మిది మంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలు. సహస్రనామం, హారతి, ప్రసాదం, ఆ తర్వాత ఒక గంట కబుర్లు. నిజం చెప్పాలంటే సగం మంది ఆ గంట కోసమే వస్తారు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పూలమ్మే అత్త ఉంది. రిటైరైన టీచరమ్మ ఉన్నారు. హోల్‌సేల్ బట్టల కొట్టు వాళ్ళావిడ ఉంది. వాళ్ళందరిలో చిన్నదాన్ని నేను. మా అమ్మ వెంట చిన్నప్పుడు ప్రసాదం కోసం వెళ్ళి, పెద్దయ్యాక కూడా మానలేదు.

మా బృందంలో ఒక పిన్ని ఉండేది. నాకు చుట్టరికం ఏమీ లేదు. వీధిలో అందరూ పిన్ని అనేవాళ్ళు, నేనూ అన్నాను. వస్త్రలతలో చీరలు కొన్నవాళ్ళు, కొట్ల వాళ్ళు ఆవిడకి ఫాల్, పీకో పని ఇచ్చేవాళ్ళు. దసరా ముందు నెల రోజులు మిషను చప్పుడు అర్ధరాత్రి దాకా వినిపించేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కడే కొడుకు, వేరే ఊళ్ళో ఉద్యోగం.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

ముందు నా సంగతి చెబుతాను. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నాన్నకి జీతం ఆగింది. ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమన్నారు. 18 వేలు. ఇంట్లో అడగలేను, అడిగినా లేవు. ఒక శుక్రవారం పారాయణలో నా నోరు కదులుతోంది కానీ మనసు లేదు. పిన్ని చూసింది. కిందికి దిగుతూ మెట్ల మీద, "ఏమైందే పిల్లా?" అంది. చెప్పేశాను. మర్నాడు పొద్దున చీరల మూట ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి, ఫాల్ గుడ్డ మడతలో డబ్బు పెట్టి ఇచ్చింది. "ఎప్పుడిస్తావ్ అని అడగను. ఉన్నప్పుడు చూద్దాం. మీ అమ్మకి కూడా చెప్పకు" అంది.

చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక రెండుసార్లు ఇవ్వబోయాను. ఒకసారి "ముందు మీ నాన్నకి కళ్ళజోడు మార్పించు" అంది. రెండోసారి నవ్వేసి మాట మార్చింది. మూడోసారి నేను అడగలేదు.

పోయిన కార్తీకంలో ఆవిడ పోయింది. గుండెపోటు. అంతకుముందు రెండు శుక్రవారాలు ఆయాసంగా ఉందని చెప్పింది. "నువ్వు కొండ మెట్లు ఎక్కువ ఎక్కుతున్నావు, కొన్నాళ్ళు మానెయ్" అని సలహాలిచ్చాం. హారతి తీసుకుని ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళాం.

ఆ రోజు నేను ఫోన్‌లో స్టేటస్ పెట్టాను. ఆవిడ ఫొటో, కింద దీపం, రెండు చేతులు జోడించిన బొమ్మ. ఇరవై నాలుగు గంటల తర్వాత అది దానంతటదే పోయింది. నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను.

నెల దాటాక మొదటి శుక్రవారం. అందరం కూర్చున్నాం కానీ ఎవరూ పుస్తకం తెరవలేదు. ఆవిడ కూర్చునే చోట, గోడ పక్కన, చాప ఖాళీగా ఉంది. పూల అత్త ఉన్నట్టుండి ఏడ్చింది. "మీకు తెలీదు, నేను ఆవిడకి అప్పున్నాను" అంది. రెండేళ్ళ క్రితం ఇంటి అడ్వాన్సుకి ఇచ్చిందట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత కొట్టు వాళ్ళావిడ నెమ్మదిగా, "నాకూ ఇచ్చింది" అంది. మేమందరం ఆశ్చర్యపోయాం. బయటికి పెద్ద కొట్టే, లోపల నష్టాలు. పిల్లల స్కూలు ఫీజులు ఒక ఏడాది కట్టింది పిన్నేనట. ఇంకొకావిడ కోడలి సీమంతానికి. టీచరమ్మకి ఇచ్చింది డబ్బు కాదు. మాస్టారు పోయాక నాలుగు నెలలు రోజూ రాత్రి వచ్చి వాళ్ళింట్లో తోడు పడుకుంది. మాకెవరికీ తెలీదు. నా వంతు వచ్చింది. మా అమ్మ పక్కనే కూర్చుని ఉంది. చెప్పాను.

తొమ్మిది మందిలో ఆవిడ పోగా ఎనిమిది మంది. ఏడుగురు ఆవిడ దగ్గర ఏదో ఒకటి పుచ్చుకున్నవాళ్ళే. ప్రతి ఒక్కరూ ఆవిడ తనకొక్కదానికే ఇచ్చిందనుకున్నారు. పుచ్చుకోనిది మా అమ్మ ఒక్కతే. ఆవిడ కూతురు పుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నమే వాళ్ళబ్బాయి టీచరమ్మకి చూపించాడట. బీరువాలో మూడు తాకట్టు రసీదులు. మూడూ గడువు దాటినవే. ఆవిడ మెడలో ఒంటిపేట గొలుసు ఉండేది. కొన్నాళ్ళకి దాని బదులు గిల్టు గొలుసు వచ్చింది. "దొంగల భయమే, రోజులు బాగోలేవు" అని నవ్వింది. ఎనిమిది మందిమి వారం వారం ఎదురుగా కూర్చుని ఆ గొలుసు చూశాం. ఎవరికీ అనుమానం రాలేదు. ఒకరికి ఇచ్చిందంటే ఆవిడకి ఉందనుకుంటాం. ఏడుగురికి ఇచ్చిందని తెలిసుంటే, ఎక్కణ్ణించి తెచ్చిందని ఒక్కరైనా అడిగేవాళ్ళం.

ఇదీ నేను కొట్టేసిన పేరా. కానీ అసలు ప్రశ్న ఆ రాత్రి మొదలైంది.

కొట్టు వాళ్ళావిడ అంది: "ఇలా మాట్లాడుకోవడం తప్పేమో. చెప్పొద్దంది కదా. గుప్తదానం బయటపడితే పుణ్యం తగ్గుతుందంటారు. పోయిన మనిషి పుణ్యం మనం తగ్గిస్తున్నామా?"

నవ్వేసే ప్రశ్న కాదిది. కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మన పెద్దవాళ్ళు చెప్పారు. తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో, చదువు పూర్తయి ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు దానం ఎలా చెయ్యాలో చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వమంటాడు. సిగ్గుతో ఇవ్వమంటాడు. అంటే "నేను ఇస్తున్నాను చూడు" అనే గొప్ప లేకుండా, ఇంతేనా ఇవ్వగలిగింది అనే బిడియంతో. అక్కడే ఇంకో మాట కూడా ఉంది, దానికి శంకరులు భాష్యంలో స్నేహం అనే అర్థం చెప్పారు. పిన్ని ఉపనిషత్తు చదవలేదు. ఫాల్ గుడ్డ మడతలో డబ్బు పెట్టి ఇచ్చింది. ఆ మడతలో ఆ సిగ్గూ ఉంది, ఆ స్నేహమూ ఉంది.

అయితే ఆ ఉపదేశం ఎవరికి చెప్పింది? ఇచ్చేవాడికి. చెప్పుకోకు, గొప్పలు పోకు, మర్చిపో అన్నది ఇచ్చేవాళ్ళ ధర్మం. పుచ్చుకున్నవాళ్ళకి కూడా అదే ధర్మమా? ఇద్దరూ మర్చిపోతే ఆ మంచి ఎక్కడ మిగులుతుంది?

ఇంకో మాట ఒప్పుకోవాలి, ఇది చేదుగా ఉంటుంది. నేను ఇన్నాళ్ళూ నోరు మూసుకుంది ఆవిడ పుణ్యం కాపాడడానికా? కాదు. నా పరువు కాపాడుకోవడానికి. ఆవిడ ఇచ్చిందని చెప్పాలంటే, ముందు నాకు లేదని చెప్పాలి. ఫీజు కట్టలేకపోయాం అని చెప్పాలి. ఆవిడ "చెప్పకు" అన్న మాట నాకు చాలా సుఖంగా దొరికింది. ఆవిడ వినయం చాటున నా అహం దాక్కుంది. ఏడుగురం అదే చేశాం. ఆవిడ రహస్యం మేం ఏడుగురం పంచుకుని దాచామనుకున్నాం. నిజానికి ఎవరి రహస్యం వాళ్ళు దాచుకున్నాం. అందుకే ఆవిడ ఒంటరిగా మోసింది.

మర్నాడు నాకు నేను సర్దిచెప్పుకోవడానికి ఒక ఘట్టం వెతుక్కున్నాను. మన ఛానల్లో హనుమంతుడి మీద ఎన్నో వీడియోలు చేశాం కాబట్టి వెంటనే తట్టింది. వాల్మీకి రామాయణం ఉత్తరకాండ. పట్టాభిషేకం అయిపోయింది, వానరులు కిష్కింధకి తిరుగు ప్రయాణం. రాముడు హనుమంతుడితో అంటాడు: నువ్వు చేసిన ఒక్కొక్క ఉపకారానికి ఒక్కొక్క ప్రాణం ఇవ్వొచ్చు, అప్పటికీ మిగిలినవాటికి మేం ఋణపడే ఉంటాం. నీ ఉపకారం నాలోనే జీర్ణమైపోనీ. ఎందుకంటే ప్రత్యుపకారం తీసుకోవాలంటే మనిషి ఆపదలో ఉండాలి. నీకు ఆపద రావాలని నేను కోరుకోను.

ఎంత గొప్ప ఆలోచన! అప్పు తీర్చెయ్యాలనే తొందరలో కూడా ఒక స్వార్థం ఉంటుంది. నీకూ కష్టం రావాలి, నేనూ ఒకసారి నీకు సాయం చేసి సమానమైపోవాలి అని. రాముడు అది వద్దన్నాడు. ఋణం అలాగే ఉండనీ అన్నాడు. చదివి హమ్మయ్య అనుకున్నాను. సరే, నా 18 వేలూ నాలోనే జీర్ణమైపోతాయి.

తర్వాత ఆ ఘట్టం మళ్ళీ చదివాను. రాముడు ఆ మాట హనుమంతుడి చెవిలో చెప్పలేదండీ. వీడ్కోలు చెప్పే వేళ, వెళ్ళేవాళ్ళంతా ఉండగా చెప్పాడు. చెప్పి, తన మెళ్ళో హారం తీసి ఆయన మెడలో వేశాడు. అయోధ్యకి రాజై ఉండి, నేను ఈయనకి ఋణపడ్డాను అని నలుగురిలో అన్నాడు. తీర్చకపోవడం వేరు, ఒప్పుకోకపోవడం వేరు. నేను మొదటిదాని పేరు చెప్పి రెండోది చేస్తున్నాను. పైగా ఆపదలో ఉన్న స్నేహితురాలు కళ్ళ ముందే ఉంటే చూడలేదు. "నీకు ఆపద రాకూడదు" అనడానికైనా ముందు ఆపద వచ్చిందో లేదో చూడాలి కదా.

తర్వాతి శుక్రవారం ఈ మాటే బృందంలో చెప్పాను. అప్పుడు టీచరమ్మ, "మన పాత కృష్ణా జిల్లాలోనే ఒకావిడ ఉండేది, ఆవిడ సంగతి నీకు తెలుసా?" అని అడిగారు. భండారు అచ్చమాంబ గారి గురించి. పేరు విన్నాను కానీ అంతకుమించి తెలీదు. మీలో చాలామందికి కూడా తెలియకపోవచ్చు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అచ్చమాంబ 1874లో పుట్టారు. నందిగామ దగ్గర పెనుగంచిప్రోలు, అంటే మనకి తిరుపతమ్మ తల్లి గుడి ఉన్న ఊరే. చిన్నతనంలోనే పెళ్ళయింది. బడికి వెళ్ళి చదువుకున్నది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన సాయంతో చదవడం, రాయడం నేర్చుకున్నారు. ఆ తమ్ముడే తర్వాత విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టిన పెద్ద పండితుడు. భర్త ఉద్యోగరీత్యా ఆవిడ ఎక్కువకాలం ఉన్నది మధ్య పరగణాల్లో, తెలుగు వినపడని చోట. కన్న పిల్లలు చిన్నతనంలోనే పోయారు. ఆ దుఃఖంలో ఆవిడ తలుపులు మూసుకోలేదు. అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచి, చదువు చెప్పారు.

1901లో ఆవిడ పుస్తకం వచ్చింది, పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. మన దేశంలో గొప్పగా బతికిన స్త్రీల చరిత్రలు వెతికి, పోగుచేసి రాసిన పుస్తకం. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. తెలుగు ఆడవాళ్ళు తమకోసం తాము పెట్టుకున్న తొలి సమాజంగా దాన్ని చెబుతారు. తర్వాత ఊరూరా తిరిగి ఇలాంటి సమాజాలు పెట్టించారు. 1905 జనవరిలో పోయారు. అప్పటికి ముప్పై, ముప్పై ఒకటి ఏళ్ళు. అంతే.

టీచరమ్మ చెబుతుంటే నాకు ఒక విషయం తట్టింది. అప్పటికీ ఆడవాళ్ళు ఒకచోట కూర్చునేవాళ్ళు. నోములున్నాయి, పేరంటాలున్నాయి, వాయనాలున్నాయి. మరి సమాజం ఎందుకు? పేరంటంలో మనం చక్కటి చీర కట్టుకుని, నవ్వుతూ కూర్చుంటాం. ఇంట్లో ఉన్నది గడప దాటకుండా వస్తాం. అలా కాకుండా ఆడవాళ్ళు తమ చదువు గురించి, తమ కష్టం గురించి నోరు విప్పి మాట్లాడుకునే చోటు కావాలి. మా శుక్రవారాలు ఇన్నేళ్ళూ పేరంటాలుగానే ఉన్నాయి. ఆ గంట కబుర్లలో సీరియళ్ళు, ధరలు, సంబంధాలు అన్నీ వచ్చాయి. ఏడు అప్పులు మాత్రం రాలేదు.

ఇంకోటి కూడా. మంచి చేసిన ఆడవాళ్ళు ఎందరో పుట్టారు, పోయారు, చెప్పుకునేవాళ్ళు లేక మాయమయ్యారు. "మంచితనం దానంతటది నిలుస్తుంది" అని అచ్చమాంబ గారు ఊరుకోలేదు. వెతికి రాశారు. స్మరించడం అంటే కళ్ళు మూసుకుని తలుచుకోవడం మాత్రమే కాదని, అదొక పని అని ఆవిడ నమ్మి ఉంటారు. లేకపోతే ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి అంత పుస్తకం ఎలా రాస్తుంది?

మరి ఆవిడని ఎవరు గుర్తుపెట్టుకున్నారు? ఇక్కడ మన విజయవాడ వస్తుంది. ఆవిడ పోయాక లక్ష్మణరావు గారికి కూతురు పుట్టింది. ఆ పాపకి మేనత్త పేరే, అచ్చమాంబ. ఆ పాప పెద్దదై డాక్టరైంది. విజయవాడలో ఆసుపత్రి పెట్టి ఎందరికో పురుళ్ళు పోసింది. బాలింతల కోసం, పసిపిల్లల పెంపకం కోసం తెలుగులో పుస్తకం రాసింది. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి ఎన్నికైంది. ఒకే పేరు. మొదటావిడ తన పిల్లల్ని దక్కించుకోలేకపోయింది. రెండో ఆవిడ ఊళ్ళో పిల్లల్ని క్షేమంగా భూమ్మీదికి తెచ్చింది. పేరు పెట్టి గుర్తుచేసుకోవడం అంటే ఇలా ఉండాలనిపించింది.

సరే, మళ్ళీ మా మేడ మీదికి వద్దాం.

ఏం చెయ్యాలని చాలా చర్చ జరిగింది. గుడిలో ఆవిడ పేరు మీద పాలరాతి పలక వేయిద్దామని ఒకరు. అన్నదానానికి కడదామని ఒకరు. వాళ్ళబ్బాయికి ఎవరి డబ్బు వాళ్ళం ఇచ్చేద్దామని నేను. అబ్బాయి ఏ రెండూ ఒప్పుకోలేదు. "అమ్మ తీసుకోనిది నేను తీసుకోను అక్కా. పేరు కూడా ఎక్కడా వెయ్యకండి, ఆవిడకి నచ్చదు" అన్నాడు. బలవంతంగా రసీదుల మీది డబ్బు మాత్రం కట్టి గొలుసు విడిపించడానికి వెళ్ళాం. గడువు దాటిపోయింది, లేదన్నారు. ఆ రోజు మెట్లు దిగుతుంటే ఎవరమూ మాట్లాడుకోలేదు.

అందుకే పేరు రాయలేదు. ఆవిడ కథ చెప్పే హక్కు ఆవిడది, ఆవిడ వద్దంది. కానీ నా అప్పు కథ చెప్పే హక్కు నాది. పుచ్చుకున్నవాళ్ళు ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి. పక్కవాళ్ళది చెప్పకూడదు. ఈ తేడా చాలా ముఖ్యం. పైన నేను రాసినవన్నీ వాళ్ళవాళ్ళు అనుమతి ఇచ్చాకే రాశాను.

మనకి దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అని మూడు ఋణాలు బాగా తెలుసు. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెబుతుంది: మనుష్య ఋణం. మనిషి పుట్టడమే తోటి మనుషులకి అప్పుపడి పుడతాడట. దాన్ని ఎలా తీర్చాలో కూడా అక్కడే ఉంది. వచ్చినవాళ్ళకి చోటివ్వాలి, అన్నం పెట్టాలి. ఎవరు ఇచ్చారో వాళ్ళకే తిరిగివ్వమని కాదు. ఎవరు వస్తే వాళ్ళకి. ఇచ్చినవాళ్ళు లేకపోయినా ఈ అప్పు తీర్చడానికి దారి ఉంది, ఎందుకంటే అవసరంలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

మా వీధిలో ఒకమ్మాయి నర్సింగ్ చదువుతోంది. ఫీజు ఇబ్బంది. నేను 18 వేలు ఫోన్‌పే చెయ్యలేదు, వెళ్ళి చేతికిచ్చాను. రహస్యంగా ఇవ్వలేదు. "ఇది నా డబ్బు కాదు. నాకూ ఒకరు ఇలాగే ఇచ్చారు. నాకూ అప్పుడు లేదు" అని చెప్పాను. ఆ అమ్మాయి మొహంలో బెరుకు కాస్త తగ్గింది. నేను ఇస్తున్నాను అంటే తల వంచుకునేది. నేనూ పుచ్చుకున్నాను అంటే తలెత్తి చూసింది. ఇంతకంటే పెద్ద పాఠం నాకు ఏ ప్రవచనంలోనూ దొరకలేదు.

ఇక మా బృందంలో వచ్చిన మార్పు. హారతి తర్వాత కబుర్లకి ముందు ఒక పది నిమిషాలు పెట్టుకున్నాం. ఎవరికైనా ఏదైనా అవసరం ఉంటే పైకి చెప్పాలి. డబ్బే కానక్కర్లేదు. ఆసుపత్రికి తోడు రావాలి, రాత్రి భయమేస్తోంది, కోడలితో మాట పడింది, ఏదైనా. మొదటి మూడు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. ఇవ్వమంటే ముందుకొచ్చేవాళ్ళే, అడగమంటే చాప మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. నాలుగో వారం మా అమ్మ అంది, "నాకు కళ్ళు సరిగ్గా కనబడట్లేదు. ఇంట్లో చెప్పలేదు." నేను పక్కనే ఉన్నాను. ఆ ఇంట్లో ఉండేది నేనే.

చివరిగా, వీడియోలో కొట్టేసిన ఒక్క వాక్యం. ఇన్ని మాటలూ దానికోసమే.

శ్రావణ శుక్రవారాల్లో, నవరాత్రుల్లో మా మేడ మీద వాయనాలు ఇచ్చుకునేటప్పుడు పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. భర్త లేని ఆవిడ కాబట్టి. ఎవరూ వెళ్ళమనలేదు. కానీ ఎవరూ ఉండమనలేదు కూడా. శనగలు ఆవిడే నానబెట్టేది, తాంబూలాలు ఆవిడే సర్దేది, పిలుపు సమయానికి చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళేది. ఏడుగురం ఆవిడ దగ్గర చెయ్యి చాచాం. మా చేతిలోంచి ఒక్క తాంబూలం ఆవిడ పుచ్చుకునే వీలు ఇవ్వలేదు. పుచ్చుకున్నావిడే పార్వతి అయితే, ఇన్నేళ్ళూ మేం అమ్మవారిని వంటింట్లో కూర్చోబెట్టాం.

సంప్రదాయం గురించి పెద్దవాళ్ళతో వాదించాలని ఇది రాయడం లేదు. మా ఎనిమిది మందిలో ఇద్దరు భర్త లేనివాళ్ళు. టీచరమ్మ ఒకరు. ఆవిడ కూడా ఇన్నాళ్ళూ పిన్నితో పాటు లేచి వెళ్ళేవారు. మొన్న వాయనాల రోజున ఆవిడ లేవబోతుంటే పూల అత్త కొంగు పట్టుకుని ఆపింది. "మీరు కూర్చోండి టీచరమ్మా" అంది. తాంబూలం చేతికిచ్చి, "ఇస్తినమ్మా వాయనం" అంది. టీచరమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు సరిచేసుకుని, అందరికీ వినబడేలా అన్నారు, "పుచ్చుకుంటినమ్మా వాయనం."

ఈ వారం మీరు ఒక పని చెయ్యండి. మీకు ఒకప్పుడు ఇచ్చిన మనిషిని తలుచుకోండి. బతికుంటే వెళ్ళి పలకరించండి. థాంక్స్ చెప్పి వచ్చెయ్యకండి. "మీరెలా ఉన్నారు, మీకేం కావాలి" అని అడగండి. ఏం వద్దంటారు. ఇంకోసారి అడగండి. గొలుసు మారిందేమో చూడండి.

శ్రీమాత్రే నమః.